నంగలి దాటితే సెట్ ఎందుకు పలకదు?

బెంగళూరు నుంచి కోలార్, ముళబాగిలు మీదుగా పలమనేరు, చిత్తూరు వెళ్లే రోడ్డు నంగలి దగ్గర రాష్ట్రం మారుతుంది. మాట మారదు. కర్ణాటక వైపు నంగలిలో వినబడేదీ తెలుగే, ఆంధ్ర వైపు మొదటి ఊళ్లో వినబడేదీ తెలుగే. చుట్టరికాలు రెండు వైపులా ఉన్నాయి. టమాటాలు, పాలు, పెళ్లి సంబంధాలు పొద్దస్తమానం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. మారేది బోర్డుల మీది లిపి, ఆ తర్వాత పోలీసు స్టేషన్. దాంతోపాటు కంటికి కనబడనిది ఇంకొకటి కూడా మారుతుంది. స్టేషన్ బల్ల మీద, జీపులో, కానిస్టేబుల్ భుజానికి ఉండే వైర్‌లెస్ సెట్ ఏ తరంగం మీద మాట్లాడుతుందో అది.

రోడ్డు పక్కన ప్రమాదం జరిగినప్పుడో, ఏనుగులు పొలాల్లో దిగినప్పుడో ఆ సెట్లో గరగరమనే మాటలు మనందరం విన్నవాళ్లమే. లోపల ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నలు ఒక్కొక్కటే తీసుకుని నిదానంగా చూద్దాం.

అందరి జేబుల్లో ఫోన్ ఉండగా ఇంకా ఈ సెట్లెందుకు?

ఫోన్‌లో ఒకరు ఇంకొకరితో మాట్లాడతారు. సెట్‌లో ఒకరు చెబితే ఆ ఛానల్ మీద ఉన్నవాళ్లందరికీ అదే క్షణంలో వినబడుతుంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

ముళబాగిలులో మనిషిని గుద్ది ఆగకుండా పోయిన కారు పలమనేరు దిక్కుగా వస్తోందనుకోండి. ఫోన్ మీద ఆధారపడితే ఒక్కో స్టేషన్ నంబరు వెతకాలి, అది మోగాలి, ఎవరో ఎత్తాలి, చెప్పిందే మళ్లీ చెప్పాలి. మూడో ఫోన్‌కు వచ్చేసరికి కారు సరిహద్దు దాటేస్తుంది. సెట్‌లో అయితే కారు రంగు, నంబరు, వెళ్తున్న దిక్కు ఒక్కసారి చెబితే చాలు. ఎవరు దగ్గరలో ఉంటే వాళ్లు కదులుతారు. మిగతావాళ్లకు ఎవరు కదిలారో కూడా తెలిసిపోతుంది, ఎందుకంటే వాళ్ల జవాబునూ అందరూ వింటున్నారు. ఎవరూ ఎవరినీ అడగకుండానే అందరికీ పరిస్థితి తెలిసి ఉండటమన్నది పోలీసుకూ, ఫైర్ సిబ్బందికీ, అటవీ సిబ్బందికీ ప్రాణంతో సమానం. జిల్లా ఎస్పీ స్టేషన్లన్నింటితో ఒకేసారి మాట్లాడే ‘సెట్ కాన్ఫరెన్స్’ ఈ గుణం మీదే నడుస్తుంది.

రెండో కారణం, సెట్‌కు మధ్యవర్తి అక్కర్లేదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఫోన్‌లో మాట్లాడుకున్నా ఆ మాట టవర్‌కు వెళ్లి, అక్కణ్నుంచి కేబుల్ ద్వారా ఏదో నగరంలోని యంత్రాల దాకా వెళ్లి, మళ్లీ టవర్ మీదుగా రావాలి. ఆ దారిలో కరెంటు పోయినా, కేబుల్ తెగినా, టవర్ కూలినా మాట ఆగిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి, నగరంలో చాలామందికి తమవాళ్లు బతికున్నారో లేదో తెలుసుకునే దారి లేకపోయింది. ఆ రోజుల్లో హామ్ రేడియో ఔత్సాహికులు సెట్లు మోసుకొచ్చి సహాయ చర్యలకు మాట అందించారు. 1999 ఒడిశా తుఫానులోనూ, 2001 భుజ్ భూకంపంలోనూ హామ్‌లు ఈ పనే చేశారు. రెండు సెట్లు, రెండు బ్యాటరీలు ఉంటే, మధ్యలో కొండ అడ్డు లేకపోతే, ఇంకేమీ లేకపోయినా మాట నడుస్తుంది.

మూడోది రద్దీ. జాతరలో తొక్కిసలాట మొదలైన మరుక్షణం వేలమంది ఒక్కసారిగా ఫోన్లు ఎత్తుతారు. టవర్ అందరికీ జవాబు చెప్పలేదు. పోలీసు ఛానల్ వేరుగా కేటాయించిన తరంగం మీద ఉంటుంది కాబట్టి జనం ఫోన్ల రద్దీ దాన్ని తాకదు.

బటన్ నొక్కితే లోపల ఏం జరుగుతుంది?

చేతి సెట్‌ను దగ్గర్నుంచి చూస్తే ఎడమ పక్కన పెద్ద బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని పీటీటీ అంటారు, నొక్కి పట్టుకుని మాట్లాడాలి. పైన ఛానల్ మార్చే గుండ్రటి నాబ్, దాని పక్కన శబ్దం పెంచే నాబ్, రబ్బరు తొడుగున్న పొట్టి యాంటెన్నా ఉంటాయి. చాలా సెట్లకు యాంటెన్నా మొదట్లో నారింజ రంగు బటన్ కూడా ఉంటుంది. అది ఆపదలో నొక్కేది.

బటన్ నొక్కనంతసేపూ సెట్ వింటూ ఉంటుంది. నొక్కగానే వినడం ఆపి పలకడం మొదలుపెడుతుంది. సెట్ పుట్టించే తరంగం వీహెచ్‌ఎఫ్ అనే పట్టీలో దాదాపు 150 మెగాహెర్ట్జ్ అనుకుంటే, అది సెకనుకు 15 కోట్ల సార్లు ఊగుతోందన్నమాట. మన గొంతు ఆ ఊగే వేగాన్ని కొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్‌లో ఆ మార్పు సెకనుకు అటు 2,500 సార్లు, ఇటు 2,500 సార్లు దాటకూడదు. 15 కోట్లలో 2,500 అంటే ఎంత స్వల్పమో చూడండి. అవతలి సెట్ ఆ చిన్న కదలికను పట్టుకుని తిరిగి మాటగా మారుస్తుంది. దీన్నే ఎఫ్‌ఎం అంటారు. అమెరికన్ ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ దీనికి 1933లో పేటెంట్లు పొందాడు.

అంతకు ముందు పోలీసు రేడియో ఎలా ఉండేదో తెలిస్తే దీని విలువ అర్థమవుతుంది. 1928లో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు కార్లలో రేడియోలు పెట్టారు, కానీ అవి వినడానికి మాత్రమే. స్టేషన్ చెప్పింది కార్లో వినబడేది, జవాబు చెప్పాలంటే కానిస్టేబుల్ దిగి ఫోన్ వెతుక్కోవాలి. 1933లో న్యూజెర్సీలోని బయోన్ పట్టణ పోలీసులు కార్లోంచి తిరిగి మాట్లాడగలిగారు. అప్పటి సెట్లు ఏఎం పద్ధతివి, అందులో గొంతు మార్చేది తరంగం బలాన్ని. ఇంజన్ స్పార్క్, మెరుపు, కరెంటు తీగల చప్పుడు అన్నీ మాటతో కలిసి వినబడేవి. 1940 ప్రాంతంలో డేనియల్ నోబుల్ కనెక్టికట్ రాష్ట్ర పోలీసులకు ఎఫ్‌ఎంతో రాష్ట్రమంతటా నడిచే రెండు వైపుల రేడియో ఏర్పాటు చేశాక గానీ, పరుగెత్తే బండిలో మాట శుభ్రంగా వినబడలేదు.

సెట్ ఎంత దూరం పలుకుతుంది?

పెట్టె మీద ఎన్ని కిలోమీటర్లని రాసి ఉన్నా నమ్మకండి. దూరాన్ని నిర్ణయించేది సెట్ శక్తి కంటే ఎత్తు. చేతి సెట్ సాధారణంగా 5 వాట్ల వరకు ఇస్తుంది, జీపులోది 25 వాట్ల దాకా. శక్తి అయిదు రెట్లు పెరిగినా దూరం అయిదు రెట్లు పెరగదు. వీహెచ్‌ఎఫ్, దానికంటే వేగంగా ఊగే యూహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు మేరే వెళతాయి, భూమి వంపు దాటాక ఆగిపోతాయి.

లెక్క తేలికే. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే అక్కణ్నుంచి తరంగానికి క్షితిజం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. రెండు వైపులా ఉన్న యాంటెన్నాలకు విడివిడిగా లెక్కేసి కలపాలి. ఇద్దరు కానిస్టేబుళ్లు మీటరున్నర ఎత్తులో సెట్లు పట్టుకుంటే అటు 5, ఇటు 5, మొత్తం 10 కిలోమీటర్లు. అది కూడా సముద్రంలాంటి చదును నేల మీద. ఇళ్లు, చెట్లు, గుట్టలు ఉన్నచోట అందులో మూడో వంతు దక్కినా సంతోషించాలి. అదే ఒక వైపు యాంటెన్నాను 30 మీటర్ల టవర్ మీద పెడితే 27 కిలోమీటర్లు దాటుతుంది. చుట్టుపక్కల నేల కంటే 300 మీటర్లు ఎత్తున్న కొండ మీద పెడితే 75 కిలోమీటర్లు దాటుతుంది.

పోలీసు వైర్‌లెస్ వాళ్లు ఎక్కడికెళ్లినా మొదట కొండ కోసం చూసేది ఇందుకే. కోలార్ పీఠభూమి రాతి గుట్టల దేశం. కోలార్ ఊరిని ఆనుకుని అంతరగంగ కొండలు, ముళబాగిలు పక్కనే పెద్ద కొండ, ఇటు ఆవని. ఆంధ్ర వైపు మదనపల్లె దగ్గర 1,265 మీటర్ల హార్సిలీ హిల్స్. పైనుంచి పలికితే ఈ కొండలు వరం, కింద నుంచి పలికితే అడ్డం. గుట్టకు అవతలి పక్కన నీడ పడుతుంది. ఎండకు పడే నీడంత నల్లగా ఉండదు, తరంగం అంచు మీదుగా కొంచెం వంగి దిగుతుంది. యూహెచ్‌ఎఫ్ కంటే వీహెచ్‌ఎఫ్ ఎక్కువ వంగుతుంది. కొండలు, అడవులు ఉన్న జిల్లాలకు వీహెచ్‌ఎఫ్ నప్పేది అందువల్ల. నగరంలో కిటికీల్లోంచి, మెట్ల దారుల్లోంచి భవనాల లోపలికి దూరడంలో యూహెచ్‌ఎఫ్ మేలు.

పలమనేరు దాటి బంగారుపాళెం వైపు దిగే మొగిలి ఘాట్‌నే తీసుకోండి. 2024 సెప్టెంబర్‌లో అక్కడ ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని పలువురు చనిపోయారు. అలాంటి ఘాట్లలో మలుపు తిరిగితే కొండ అడ్డొస్తుంది, పది అడుగులు వెనక్కి వస్తే మళ్లీ మాట అందుతుంది. ఘాట్ డ్యూటీ చేసినవాళ్లకు ఏ మలుపులో సెట్ పలుకుతుందో కాళ్లకే తెలిసి ఉంటుంది. ఆ జ్ఞానం మ్యాపుల్లో ఉండదు, బదిలీ అయిపోతే వాళ్లతోనే పోతుంది. ప్రతి స్టేషన్ తన పరిధిలో సెట్ పలకని చోట్లను ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోవాలని నేను గట్టిగా అంటాను.

కొండ మీది పెట్టె ఏం చేస్తుంది?

దాన్ని రిపీటర్ అంటారు. కింద నుంచి వచ్చే బలహీనమైన మాటను విని, అదే క్షణంలో ఎక్కువ శక్తితో తిరిగి పలుకుతుంది. గుట్టకు ఇటు ఒక సెట్, అటు ఒక సెట్ ఉన్నా రెండింటికీ కొండ శిఖరం కనబడుతుంది కాబట్టి మాట కలుస్తుంది.

మరి వింటూనే పలకడం ఎలా? ఒకే తరంగం మీద ఆ పని జరగదు, తన గొంతే తనకు అడ్డం వస్తుంది. అందుకని రిపీటర్‌కు రెండు ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. ఒకదాని మీద వింటుంది, కొంచెం దూరంగా ఉన్న మరోదాని మీద పలుకుతుంది. మన చేతిలోని సెట్ దానికి తిరగేసి, రిపీటర్ వినేదాని మీద పలికి, అది పలికేదాని మీద వింటుంది. రిపీటర్ పాడైపోతే ఈ ఛానల్ మీద పక్కపక్కనే ఉన్న రెండు సెట్లు కూడా ఒకదాన్నొకటి వినలేవు. కొత్తగా చేరిన కానిస్టేబుళ్లు కంగారు పడేది ఇక్కడే. అప్పుడు నాబ్ తిప్పి డైరెక్ట్ ఛానల్‌కు మారాలి. ఆ ఛానల్ ఏ అంకె మీద ఉందో చీకట్లో కూడా చేతికి తెలిసి ఉండాలి.

ఇంకో చిన్న సంగతి. బటన్ నొక్కగానే మాట మొదలుపెడితే మొదటి అక్షరాలు తెగిపోతాయి. రిపీటర్ మేల్కొని తన ట్రాన్స్‌మిటర్‌ను తెరవడానికి కన్ను మూసి తెరిచినంత సమయం కావాలి. “వెళ్లొద్దు” అని నొక్కగానే అరిస్తే అవతల అది సగమే వినబడుతుంది. నొక్కి, ఒక క్షణం ఆగి, అప్పుడు మాట్లాడాలి. నిప్పు దగ్గర, తుపాకీ దగ్గర ఆ ఒక్క క్షణం మనుషుల్ని కాపాడుతుంది.

ఒకేసారి ఇద్దరు నొక్కితే?

ఎఫ్‌ఎంలో బలమైన తరంగం గెలుస్తుంది, బలహీనమైనది పూర్తిగా మాయమవుతుంది. రెండూ సమానమైతే కీచుమనే చప్పుడు తప్ప ఏమీ మిగలదు. విమానాల రేడియో ఇప్పటికీ పాత ఏఎం పద్ధతిలోనే ఉండటానికి ఇదొక కారణం, అందులో ఇద్దరు ఒకేసారి పలికితే రెండో మనిషి ఉన్నాడని కనీసం తెలుస్తుంది. పోలీసు ఛానల్‌లో తెలియదు. అందుకే క్రమశిక్షణ కావాలి. ముందు విని, ఛానల్ ఖాళీగా ఉందని తెలిశాక నొక్కాలి. మొదట ఎవరిని పిలుస్తున్నామో, తర్వాత మనమెవరమో చెప్పాలి. సాధారణంగా ఇలా సాగుతుంది:

“కంట్రోల్, కంట్రోల్, హైవే మొబైల్.”

“హైవే మొబైల్, చెప్పండి, ఓవర్.”

“ఘాట్ రెండో మలుపులో లారీ బోల్తా. డ్రైవర్ క్యాబిన్‌లో ఇరుక్కున్నాడు. 108, క్రేన్ కావాలి. ఒక పక్క ట్రాఫిక్ ఆపాను, ఓవర్.”

“కాపీ. ఘాట్ రెండో మలుపు, లారీ బోల్తా, ఒకరు లోపల. 108, క్రేన్ పంపిస్తున్నాం, ఓవర్.”

“రోజర్.”

నాలుగు మాటల్లో ఎక్కడ, ఏమిటి, ఎంతమంది, ఏం కావాలి అన్నీ వచ్చేశాయి. కంట్రోల్ ఆ వివరాలను తిరిగి చెప్పడం చూడండి. ‘రెండో మలుపు’ ‘మూడో మలుపు’గా వినబడి ఉంటే అక్కడే దొరికిపోతుంది. వాహనం నంబర్లలో అక్షరాలను ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ పలకడం కూడా అందుకే. ‘బి’, ‘డి’, ‘పి’ గరగరలో ఒకేలా వినబడతాయి. ఆ మాటలు వేర్వేరు భాషలవాళ్ల గొంతుల్లో పరీక్షించి ఎంచినవి, 1956 నుంచి ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి.

సెట్ పట్టుకునే తీరుకూ పద్ధతి ఉంది. నోటికి మూడు నాలుగు వేళ్ల దూరంలో, యాంటెన్నా నిలువుగా ఉండాలి. అడ్డంగా పట్టుకుంటే అవతలి నిలువు యాంటెన్నాకు అందేది బాగా తగ్గుతుంది. నడుముకు తగిలించుకుని మైకులో మాట్లాడితే మన ఒళ్లే సగం తరంగాన్ని మింగేస్తుంది. బ్యాటరీ ఎనిమిది గంటలు వస్తుందని చెప్పేటప్పుడు కంపెనీలు వేసే లెక్క నూటికి 5 వంతులు మాట్లాడటం, 5 వంతులు వినడం, 90 వంతులు ఊరికే ఉండటం. జాతర బందోబస్తులో ఆ లెక్క నిలవదు, రెండో బ్యాటరీ జేబులో ఉండాలి.

భూమి లోపల మాట ఎలా నడుస్తుంది?

ఈ ప్రశ్న కోలార్ జిల్లాలో అడగకుండా ఉండలేం. కేజీఎఫ్ అనే కోలార్ బంగారు గనుల్లో జాన్ టేలర్ కంపెనీ 1880లో మొదలుపెట్టిన తవ్వకం 2001 ఫిబ్రవరి 28న ఆగేనాటికి ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లింది. తమిళులు, తెలుగువాళ్లు, కన్నడిగులు తరాల తరబడి ఆ లోతులకు దిగారు. అంత కింద రాయి మీద బరువు ఎక్కువై ఉన్నట్టుండి పగిలిపోయేది. దాన్ని రాక్ బరస్ట్ అంటారు. ఆ ఊళ్లో ఇళ్లు అదిరిన రోజులు పాతవాళ్లకు బాగా గుర్తు. రాతి యాంత్రిక శాస్త్రానికి జాతీయ సంస్థ 1988లో కేజీఎఫ్‌లోనే పుట్టడం యాదృచ్ఛికం కాదు.

వీహెచ్‌ఎఫ్ తరంగం గట్టి రాయిలోకి కొన్ని మీటర్లకు మించి పోదు. పైన ఎంత పెద్ద టవర్ పెట్టినా కిందివాళ్లకు అందదు. గనుల్లో మాటను మోసింది తీగ, గంట. మనుషులు ఎక్కి గనిలోకి దిగే పంజరాన్ని పైకీ కిందికీ నడిపే వైండింగ్ ఇంజన్ డ్రైవర్‌కు కింద నుంచి గంట కొట్టి సంకేతం ఇచ్చేవారు. పంజరం కదులుతుండగా ఒక్క గంట వినబడితే ఆపెయ్యాలి. మిగతా సంకేతాలన్నీ అంతకంటే ఎక్కువ గంటలవి. ఎందుకంటే పొరపాటున ఒక్క గంట మోగినా పంజరం ఆగుతుందే గానీ కదలదు. ప్రాణాలతో ముడిపడ్డ సంకేతాన్ని ఇలా ఆలోచించి పెట్టడమే అసలైన ఇంజనీరింగ్.

ఈనాటి గనుల్లో, మెట్రో సొరంగాల్లో లీకీ ఫీడర్ అనే కేబుల్ వేస్తారు. మామూలు కేబుల్ తరంగాన్ని లోపలే ఉంచుతుంది. దీని పైపొరకు మాత్రం కావాలనే సన్నని చీలికలు పెడతారు, పొడవునా కొంచెం కొంచెం తరంగం బయటికి కారుతుంది, లోపలికీ వస్తుంది. సొరంగం గోడ వెంట కేబుల్ పోయినంత దూరం చేతి సెట్ పనిచేస్తుంది.

డిజిటల్, ట్రంకింగ్ అంటే ఏమిటి?

పాత పద్ధతిలో పోలీసుకు ఒక ఛానల్, ట్రాఫిక్‌కు ఒకటి, సాయుధ బలగాలకు ఒకటి. ఒకదాని మీద మాటలు తొక్కిసలాడుతుంటే పక్కది ఖాళీగా పడి ఉంటుంది. రైల్వే స్టేషన్‌లో నాలుగు కౌంటర్లకు నాలుగు క్యూలు పెట్టే బదులు ఒకే క్యూ పెట్టి, ఏ కౌంటర్ ఖాళీ అయితే అక్కడికి పంపినట్టు, ట్రంకింగ్‌లో ఛానల్స్ అన్నీ ఒక కంప్యూటర్ చేతిలో ఉంటాయి. మీరు బటన్ నొక్కగానే అది ఖాళీ ఛానల్ వెతికి మీ గుంపు సెట్లన్నింటినీ అక్కడికి తీసుకెళుతుంది. మీకు ఛానల్ మారినట్టే తెలియదు.

దీనికి డిజిటల్ తోడైంది. ఐరోపా ప్రమాణం టెట్రా 25 కిలోహెర్ట్జ్ వెడల్పులో నాలుగు మాటలు నడుపుతుంది. డీఎంఆర్ అనే ఇంకో ప్రమాణం 12.5లో రెండు. కాలాన్ని సన్నని ముక్కలుగా కోసి ఒక్కో ముక్క ఒక్కొక్కరికి ఇస్తారు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు టెట్రా వాడారు. మాటను రహస్య లిపిలో పెట్టొచ్చు, సెట్ ఎక్కడుందో కంట్రోల్‌కు చూపించొచ్చు. ఆ రహస్యాన్ని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. టెట్రాలోని ఒక గోప్యతా పద్ధతిలో పెద్ద లోపం ఉందని డచ్ పరిశోధకులు 2023లో బయటపెట్టారు.

డిజిటల్‌కు ఒక చెడ్డ గుణం ఉంది. పాత ఎఫ్‌ఎంలో దూరం పెరిగేకొద్దీ గరగర పెరుగుతుంది, ఇక అందదని ముందే చెవికి తెలుస్తుంది. డిజిటల్‌లో అంచు దాకా మాట స్వచ్ఛంగా ఉండి, ఒక్కసారిగా తెగిపోతుంది. పొగ నిండిన భవనంలోకి వెళ్లే ఫైర్ సిబ్బందికి ఆ గరగరే హెచ్చరిక. వాళ్ల చేతిలో పాత పద్ధతి డైరెక్ట్ ఛానల్ ఒకటి ఎప్పటికీ ఉండాలన్నది నా అభిప్రాయం.

నంగలి దాటితే ఎందుకు పలకదు?

తరంగాలకు సరిహద్దు తెలియదు. నంగలిలో నొక్కిన మాట సరిహద్దుకు అవతలి గాలిలోనూ ఉంటుంది. కానీ అక్కడి సెట్ ఆ ఫ్రీక్వెన్సీని వినదు. ఢిల్లీలోని డబ్ల్యూపీసీ విభాగం ఒక్కో రాష్ట్ర పోలీసుకు, ఒక్కో శాఖకు విడివిడిగా ఫ్రీక్వెన్సీలు కేటాయిస్తుంది. ఒకరి మాట ఇంకొకరి మీద పడకుండా ఉండాలంటే అలాగే చేయాలి. పైగా ఒకే ఫ్రీక్వెన్సీ దూరంలో ఇంకొకరికి ఇచ్చినప్పుడు వాళ్ల మాట మనకు వినబడకుండా ప్రతి సెట్‌లో చెవికి అందని సన్నని టోన్ ఒకటి పెడతారు. ఆ టోన్ లేని మాటకు సెట్ నోరు తెరవదు. డిజిటల్ అయితే గుంపు నంబరు, తాళంచెవి కూడా కలవాలి. ఇన్ని గొళ్లాలు దాటితే గానీ పక్క రాష్ట్రం మాట మనకు వినబడదు. కోలార్ జిల్లాకే కోలార్, కేజీఎఫ్ అని రెండు పోలీసు జిల్లాలున్నాయి. నంగలి స్టేషన్ కోలార్ ఎస్పీ కిందది. ఒక్క రెవెన్యూ జిల్లాలోనే ఇంత విభజన ఉంటే రాష్ట్రాల మధ్య ఎంతుంటుందో ఊహించండి.

దీని మూల్యం ఏమిటో 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో జంట టవర్ల మీద దాడి జరిగినప్పుడు తేలింది. దక్షిణ టవర్ కూలాక, ఉత్తర టవర్ కూడా కూలేలా ఉందని పోలీసు హెలికాప్టర్ల నుంచి హెచ్చరిక వచ్చింది. అది పోలీసు రేడియోలో వచ్చింది. ఫైర్ అధికారులు ఆ ఛానల్ మీద లేరు. బయటికి రమ్మని వాళ్ల అధికారులు ఇచ్చిన ఆజ్ఞ కూడా లోపలున్న చాలామందికి అందలేదు. ఆ రోజు 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. విచారణలో ఇంకో సంగతి బయటపడింది. ఆ భవనంలో ఫైర్ సిబ్బంది కోసమే పెట్టిన రిపీటర్ పనిచేస్తూనే ఉంది. దాన్ని వాడటానికి రెండు బటన్లు నొక్కాలి. ఉత్తర టవర్ లాబీలో రెండోది నొక్కలేదు, రిపీటర్ చెడిపోయిందనుకుని దాన్ని పక్కన పెట్టేశారు. కోట్ల రూపాయల యంత్రం ఉన్నా రోజూ తాకి చూసే అలవాటు లేకపోతే ఆపదలో అది ఉండీ లేనట్టే.

మన సరిహద్దుకు ఈ అవసరం లేదనుకోవద్దు. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పలమనేరు, కుప్పం వైపు నుంచి కోలార్ జిల్లా కామసముద్రం అడవులకూ, తమిళనాడుకూ తిరుగుతుంటాయి. ఏనుగుల గుంపు రాత్రి ఏ గట్టు దాటిందో ఇటు ట్రాకర్‌కు తెలిసిన క్షణమే అటు ట్రాకర్‌కు తెలిస్తే, పొలంలో కాపలా పడుకున్న రైతు బతుకుతాడు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు అడవి ఏనుగుల్ని అదుపు చేసే శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల్నే ఇచ్చింది, వాటికి పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం ఏర్పడింది. ఏనుగుల్ని పంచుకోగలిగిన రాష్ట్రాలకు ఒక ఛానల్ పంచుకోవడం పెద్ద పని కాదు.

దారులు చాలా ఉన్నాయి. కంట్రోల్ రూముల్లో రెండు రేడియోలను గేట్‌వే పెట్టెతో కలపొచ్చు. ఒకరి సెట్ ఇంకొకరి స్టేషన్‌లో ఉంచొచ్చు. అన్నింటికంటే తేలికైనది, చవకైనది, టవర్ అక్కర్లేనిది ఉమ్మడి డైరెక్ట్ ఛానల్. సరిహద్దు స్టేషన్లు, అటవీ రేంజ్‌లు, ఫైర్ బండ్లు, 108 వాహనాలు, అన్ని సెట్లలోనూ ఒకే అంకె మీద, రహస్య లిపి లేకుండా, మామూలు ఎఫ్‌ఎంలో ఉండాలి. రాష్ట్రాల పోలీసు వైర్‌లెస్‌ను సమన్వయం చేయడానికి కేంద్ర హోం శాఖలో 1946 నుంచి డీసీపీడబ్ల్యూ అనే విభాగం ఉంది. అడగాల్సిన తలుపు అదే.

మన జాతరకు మనమే వాకీటాకీలు కొనుక్కోవచ్చా?

కొన్నింటిని కొనొచ్చు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు 2018 నుంచి లైసెన్స్ మినహాయింపు ఉంది. అంతకు మించి ఏ ఫ్రీక్వెన్సీ మీదైనా పలికే చవక సెట్లను లైసెన్స్ లేకుండా వాడటం నేరం. నేరం సంగతి అలా ఉంచినా, జాతర కమిటీ కుర్రాడు తెలియక నొక్కిన బటన్ అంబులెన్స్ కోసం పిలుస్తున్న కానిస్టేబుల్ మాటను మింగేయొచ్చు. బలమైన తరంగమే గెలుస్తుందని పైన చెప్పుకున్నాం. ఆసక్తి నిజంగా ఉంటే పరీక్ష రాసి హామ్ లైసెన్స్ తీసుకోండి. 1983 నుంచి హైదరాబాద్‌లో జాతీయ హామ్ రేడియో సంస్థ ఉంది.

ఇక సరిహద్దు ఊళ్ల వాళ్లకు ఒక మాట. 112కు ఫోన్ చేసినప్పుడు మీ ఫోన్ పక్క రాష్ట్రం టవర్ పట్టుకుని ఉంటే మీ పిలుపు ఆ రాష్ట్రం కంట్రోల్ రూముకు వెళ్లొచ్చు. పెట్టేయకండి. ముందుగా మీరు ఏ రాష్ట్రంలో, ఏ జిల్లాలో ఉన్నారో, దగ్గరి పోలీసు స్టేషన్ ఏదో, ముళబాగిలు వైపా పలమనేరు వైపా, కిలోమీటరు రాయి మీద ఏ అంకె ఉందో చెప్పండి. తర్వాతే ఏం జరిగిందో చెప్పండి. మీరు చెప్పిన ఆ నాలుగు ముక్కలే మరుక్షణం సెట్‌లోకి వెళ్లేవి.